పద్మారావునగర్ నుండి తెచ్చుకున్న బండి

2024 ఆగస్టులో ఒక రాత్రి డ్యూటీ ముగించుకొని వస్తూ మా పెద్దవాడు చిలకలగూడ దగ్గర బైకు జారి పడ్డాడు. వాన నీటి క్రింద గుంత కనబడలేదట. కుడిచేతి మణికట్టు విరిగింది. దేవుని దయవలన ప్రాణమునకు ఏమీ కాలేదు గాని, ఆరు వారములు చేతికి కట్టుతో ఉన్నాడు. వాడు సికింద్రాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. వయస్సు ఇరవై మూడు. చేయి బాగుపడి మళ్ళీ పనిలో చేరిన కొన్ని నెలలకు, ఒక ఆదివారము ఇంటికి వచ్చి, అన్నము తింటూ, "బాపూ, అమ్మా, నేనొక పాత కారు కొనుక్కుంటా" అన్నాడు.

మాది జనగామ దగ్గర పల్లె. మా ఇంటి ముందు నిలిచిన బండ్లు ఏవంటే మొదట ఎడ్లబండి, తరువాత సైకిలు, ఆ తరువాత మోటారు సైకిలు. కారు అనేది పెండ్లికో, ఆసుపత్రికో కిరాయికి మాట్లాడుకొనేది. అందుచేత మేమిద్దరము ఒకరి ముఖము ఒకరము చూచుకున్నాము. వాడు మాత్రము లెక్క వేసుకొనే వచ్చాడు. దాచుకున్నవి 65,000 ఉన్నవి. వానలో బైకు ఎక్కనక్కరలేదు. నానమ్మకు నెలకొకసారి కంటిలో ఇంజక్షను వేయించాలి, ఆమెను ఆటోలో, బస్సులో, మళ్ళీ ఆటోలో ఎక్కించి దింపే బాధ తప్పుతుంది. నానమ్మ మాట ఎత్తగానే మేము సగము ఒప్పుకున్నట్లే అయినది. పత్తి డబ్బులలో నుండి 25,000 కలుపుతామన్నాము. అయితే ఒక షరతు పెట్టాము. కొనేటప్పుడు మేము కూడ ఉండాలి. మాకు కారు గురించి ఏమి తెలుసునని వాడు నవ్వాడు. ఎద్దులను కొన్నవారికి బేరము తెలియదా అని మేమూ నవ్వాము. ఎద్దుకు పళ్ళు చూస్తాము, నడక చూస్తాము, అమ్మేవాని ఇంటి దగ్గర నాలుగు మాటలు విచారిస్తాము. కారు సంగతి కూడ చాలావరకు అంతేనని తరువాత తెలిసింది.

2025లో మామిడికాయలు వచ్చే రోజులలో ప్యాసింజరు బండి ఎక్కి బయలుదేరాము. ఆలేరు, భువనగిరి, బీబీనగర్, ఘట్‌కేసర్ దాటి, మౌలాలి గుట్ట కనబడేసరికి ఊరు వచ్చినట్లే. సికింద్రాబాదు స్టేషను ముందు భాగమంతా రేకులు కట్టి కొత్త భవనము కడుతున్నారు. మా చిన్ననాటి నుండి చూచిన ఆ పాత ముఖద్వారము ఇక లేదు. బయటకు వచ్చే దారి ఎటో కూడ తెలియక కాసేపు నిలబడిపోయాము. మావాడు వచ్చి చేయి పట్టుకొని తీసికొనిపోయాడు. వాడు చిన్నప్పుడు అదే స్టేషనులో మా చేయి పట్టుకొని నడిచినవాడే.

సికింద్రాబాదు రెండు వందల ఏండ్లు దాటిన పట్టణము. మూడవ నిజాము సికిందర్ జా పేరున 1806లో దీనికి ఆ పేరు పెట్టారు. ఇంగ్లీషు సైన్యము విడిది చేసిన చోటు గనుక ఇక్కడ బజార్ల పేర్లు కూడ దానికి తగినట్లే ఉంటాయి, రెజిమెంటల్ బజారు, జనరల్ బజారు అని. 1897లో లేచిన గడియార స్తంభము ఇంకను ఉన్నది. మహాత్మా గాంధీ రోడ్డు అని బోర్డులున్నా ముసలివారు జేమ్స్ స్ట్రీట్ అనే అంటారు. ఆ రోడ్డు మీదుగా రాణీగంజ్ వైపు వెళితే, దుకాణాల ముందు వ్రేలాడే బేరింగులు, బెల్టులు, సైలెన్సర్లు, పంపు మోటార్లు, నట్లు బోల్ట్లు కనబడతాయి. మా ఊరి ట్రాక్టరు వారు ఏ సామాను దొరకకపోయినా రాణీగంజ్ పేరే చెప్తారు. అక్కడ సందులలో నడిచేటప్పుడు గ్రీజు వాసన, ఉస్మానియా బిస్కట్ల వాసన కలిసి వస్తుంది. మాకు ఆ వాసన నచ్చింది.

మావాడు ఫోనులో ముందే చూచిపెట్టుకున్న బండి బోయిన్‌పల్లి వైపు ఒక యార్డులో ఉన్నది. వ్యాగన్ ఆర్, 2012వది. ఎర్రటి రంగు, అద్దములా మెరుస్తున్నది. మీటరు మీద 58,000 కిలోమీటర్లే. ధర 95,000 చెప్పాడు. అమ్మేవాడు టీ తెప్పించాడు, కుర్చీ వేశాడు, "అమ్మా, డాక్టరమ్మ నడిపిన బండి, వారానికొకసారి బయటికి తీసేది" అన్నాడు. మావాడు స్టీరింగు ముందు కూర్చుని దిగడము లేదు. వాని ముఖము చూస్తే మాకు సంతోషమూ భయమూ రెండూ కలిగినవి. ఆ వయస్సులో అట్లా మెరిసే వస్తువును చూచి కాదనడము ఎవరితరము?

అడ్వాన్సు పది వేలు ఇమ్మన్నాడు. సాయంత్రము లోపల ఇంకొక పార్టీ వస్తున్నదట. ఈ "ఇంకొక పార్టీ" మా ఊరి పశువుల సంతలో కూడ ఉంటాడు, మేము చాలాసార్లు విన్నాము గాని ఒక్కసారియైనా చూడలేదు. "మాకు తెలిసిన మెకానిక్కు ఒకసారి చూపించిన తరువాతనే" అన్నాము. కాసేపు ముఖము ముడుచుకొని, చివరకు ఒక కుర్రవాణ్ణి వెంట ఇచ్చి పంపించాడు.

మెకానిక్కు మావాని ఆసుపత్రిలో పనిచేసే వారు చెప్పినాయన. రాణీగంజ్ వెనుక సందులో చిన్న షెడ్డు. అరవై ఏండ్లుంటాయి. అందరూ భాయ్ అనే పిలుస్తారు. ఆయన ఇంజను జోలికి పోనే లేదు. తలుపు తెరచి, ముందు సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగాడు. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు భాగములో బెల్టు మట్టిరంగులో ఉన్నది. తరువాత కాళ్ళ దగ్గరి కార్పెట్టు మూల ఎత్తి వ్రేలు పెట్టి చూపించాడు. సన్నటి ఒండ్రు. సీటు క్రింద బోల్టులు తుప్పు పట్టి ఉన్నవి. ముందు లైటు అద్దము లోపల ఆవిరి చారలు. "అమ్మా, ఇది నీళ్లల్ల మునిగిన బండి. రంగు చూసి పైసలు పెట్టొద్దు" అన్నాడు.

2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదులో కురిసిన కుండపోత మీకు జ్ఞాపకముండవచ్చును. కాలనీలకు కాలనీలు మునిగి, కార్లు కాగితపు పడవలవలె కొట్టుకొనిపోవడము టీవీలో మనమందరమూ చూచినదే. బాగుచేయించే ఖర్చు బండి విలువను మించితే ఇన్సూరెన్సు వారు సొంతదారునికి డబ్బిచ్చి బండిని తుక్కు క్రింద వేలము వేస్తారు. అట్లా పోయిన బండ్లన్నీ తుక్కుగానే మిగలవు. కొన్నిటిని కడిగి, ఆరబెట్టి, రంగు వేసి మళ్ళీ రోడ్డెక్కిస్తారు. వైర్ల లోపల తడి ఉండిపోయి రెండు మూడేండ్లకు ఒక్కొక్కటిగా చెడిపోతుంది. ఏ అర్ధరాత్రో లైట్లు ఆరిపోతే దిక్కేమిటి?

మీటరు సంగతి అడిగాము. భాయ్ క్లచ్చి పెడలు, బ్రేకు పెడలు మీది రబ్బరు చూపించాడు. గీతలన్నీ అరిగిపోయి నున్నగా ఉన్నవి. 58,000 కిలోమీటర్లకు అంత అరగదట. వెనుకటికి మీటరు అంకెలను వెనక్కు త్రిప్పేవారు, ఇప్పుడు కంప్యూటరు తగిలించి అంకెలు మార్చేస్తారు. కంపెనీ సర్వీసింగుకు వెళ్ళిన బండి అయితే నంబరు చెప్పి అడిగితే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో వారి దగ్గర వ్రాసి ఉంటుంది. దానిని మాత్రము ఎవరూ అంత సులువుగా మార్చలేరు.

మావాడు ఆ రోజు అన్నము సరిగా తినలేదు.

టెక్సాసులో చదువుకుంటున్న మా అన్నగారి మనుమడు ఆ రాత్రి ఫోను చేశాడు. సంగతి విని, "ఇక్కడా ఇంతే" అన్నాడు. మన తెలుగు పిల్లలు అక్కడికి పోగానే లక్ష మైళ్ళు దాటిన కరోలానో, క్యామ్రీనో వెతుక్కుంటారట. బస్సులు లేని ఊళ్ళలో కారు లేకపోతే కాళ్ళు లేనట్లే. 2017 ఆగస్టులో హూస్టను నగరాన్ని హార్వీ తుఫాను ముంచినప్పుడు కూడ లక్షలాది కార్లు నీళ్ళ పాలయ్యాయి. అక్కడ అట్టి బండి కాగితము మీదనే సాల్వేజ్ అని ముద్ర పడుతుంది. అది ఉన్నదా అని చూడకుండ ఎవరూ కొనవద్దని పెద్ద పిల్లలు క్రొత్తగా వచ్చినవారికి చెప్తారట. మన దగ్గర అట్టి ముద్ర లేదు గనుక ఒండ్రును వ్రేలితోనే వెతుక్కోవాలి.

ఇంగ్లాండులో యౌవనస్థులకు ఇంకొక చిక్కు. అక్కడ పద్దెనిమిది ఇరవై ఏండ్ల వాని కారు ఇన్సూరెన్సు ఒక్కొక్కసారి ఆ పాత కారు ధర కంటె ఎక్కువ అవుతుంది. మన దేశములో తప్పనిసరిగా ఉండవలసిన థర్డ్ పార్టీ ఇన్సూరెన్సుకు నడిపేవాని వయస్సుతో సంబంధము లేదు. ఇంజను సైజును బట్టి రేటు. వెయ్యి సి.సి. లోపు కారుకు 2022 జూన్‌లో నిర్ణయించినది సంవత్సరమునకు 2,094 రూపాయలు, దాని మీద పన్ను. ఇంత తక్కువకు దొరికేదానిని కూడ కట్టకుండ తిరిగేవారిని చూస్తే మాకు కోపము వస్తుంది. ఎదుటి మనిషికి కాలు విరిగితే ఎవరు పెట్టుకుంటారు?

ఈ కోపమునకు కారణమున్నది. మా దగ్గరి బంధువు ఒకాయన 2015లో తన మోటారు సైకిలు అమ్మాడు. స్టాంపు కాగితము మీద వ్రాసుకున్నారు, ఫారముల మీద సంతకాలు పెట్టి ఇచ్చాడు, డబ్బు తీసికొన్నాడు, మరచిపోయాడు. కొన్నవాడు పేరు మార్పించుకోకుండానే ఇంకొకరికి అమ్మాడు. ఆ ఇంకొకరు ఒక కూలి మనిషిని గుద్దాడు. ఇన్సూరెన్సు లేదు. నోటీసు వచ్చింది మా బంధువుకు. "నేను అమ్మి రెండేండ్లయినది" అంటే వినేవారు లేరు. రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే సొంతదారు, నష్టపరిహారము వారే ఇయ్యాలని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది. ఆ కేసులో కూడ బండి ఒకరి చేతి నుండి ఒకరి చేతికి మారుతూ పోయినదే. మా బంధువు ఎకరము భూమి అమ్మవలసి వచ్చింది. పాడైన ఇంజనును బాగుచేయించవచ్చును గాని, పేరు మారని కాగితము ఇంటి మీదికి వస్తుందని మేము ఆ ఇంట్లో చూచాము.

పల్లెలలో ఎక్కువ మంది ఫారములను బ్రోకరుకు వదిలేస్తారు గనుక కొంచెము వివరముగా చెప్తాము. అమ్మేవారు సంతకము పెట్టేది ఫారము 29, ఇద్దరూ పెట్టేది ఫారము 30. అమ్మినవారు పదునాలుగు దినములలో రవాణా కార్యాలయమునకు తెలియజేయాలి, కొన్నవారు ముప్పది దినములలో దరఖాస్తు చేయాలి. బండి మీద బ్యాంకు అప్పు ఉండి తీరిపోయి ఉంటే ఫారము 35, బ్యాంకు వారి ఉత్తరము కావాలి. వేరే రాష్ట్రపు బండియైతే అక్కడి నుండి నిరభ్యంతర పత్రము, దాని పైన ఇక్కడ మళ్ళీ జీవితకాలపు పన్ను. ఢిల్లీలో పదేండ్లు దాటిన డీజిలు, పదిహేనేండ్లు దాటిన పెట్రోలు బండ్లను రోడ్డెక్కనీయరాదని 2018లో సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చిన తరువాత అక్కడి కార్లు మన వైపు చౌకగా చాలా వచ్చాయి. చౌక అని కొన్నవారిలో కొందరు ఈ పన్ను లెక్క తరువాత చూచుకొని నెత్తి కొట్టుకున్నారు. ఇక పోలీసు చలానాలు. బండి నంబరు కొట్టితే ఫోనులోనే కనబడతాయి. భాయ్ షెడ్డుకు వచ్చిన ఒక బండి మీద ముప్పది చలానాలున్నవట!

అసలు బండి దొరికింది కూడ భాయ్ వల్లనే. వారము తరువాత ఆయనే ఫోను చేసి, పద్మారావునగర్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో ఆల్టో ఉన్నది, పధ్నాలుగేండ్ల నుండి తానే సర్వీసింగు చేస్తున్నానని చెప్పాడు. 2007వది. 1,48,000 కిలోమీటర్లు తిరిగింది. ఆ అంకె విని మావాని ముఖము వాడిపోయింది. "లక్షన్నర తిరిగిన బండా?" అన్నాడు. భాయ్ నవ్వి, "అబద్ధం చెప్పే యాభై వేల కన్నా నిజం చెప్పే లక్షన్నర మేలు బేటా" అన్నాడు.

పద్మారావునగర్ సందులలో పాత ఇండ్లు ఇంకా కొన్ని ఉన్నవి. ముంగిట ముగ్గు, గుమ్మము ప్రక్కన మల్లెపందిరి. సికింద్రాబాదులో తరతరాలుగా స్థిరపడిన తమిళ కుటుంబాలు ఆ ప్రాంతములో చాలా ఉన్నవి. ఆమె భర్త దక్షిణ మధ్య రైల్వేలో, రైల్ నిలయములో లెక్కల గుమాస్తాగా చేసి విశ్రాంతి తీసికొన్నాడు. ఆ సంవత్సరము సంక్రాంతి తరువాత చనిపోయాడు. పిల్లలు దూరదేశములో ఉన్నారు. ఆమెకు నడపడము రాదు. "ఆయన పోయినప్పటి నుండి దాన్ని చూస్తే మనసు బాగుండదు, లేకుంటే కూడ బాగుండదు" అని, మాకు కాఫీ ఇచ్చి, లోపలి నుండి ఒక ఫైలూ, ఒక డైరీ తెచ్చింది.

ఆ డైరీ చూచి మేము ఆశ్చర్యపోయాము. పెట్రోలు పోయించిన ప్రతిసారి తేదీ, లీటర్లు, మీటరు అంకె. నూనె మార్చిన రోజు. టైరు మార్చిన రోజు. తిరువణ్ణామలై వెళ్ళి వచ్చిన ప్రయాణము, అల్లుణ్ణి విమానాశ్రయములో దింపి రావడము, భార్యకు మోకాలి ఆపరేషను జరిగిన దినమున ఆసుపత్రికి నాలుగు సార్లు తిరిగిన లెక్క. పదునెనిమిదేండ్ల సంసారము ఆ అంకెలలోనే ఉన్నది. మాలో ఒకరికి కంటనీరు వచ్చింది, ఎవరికని చెప్పము.

బండి వెండి రంగు. ఎడమ తలుపు మీద గీత, వెనుక బంపరుకు సొట్ట. భాయ్ ఉదయము చల్లగా ఉన్నప్పుడే రమ్మన్నాడు, ఎందుకంటే వేడెక్కిన ఇంజను తన రోగము దాచుకుంటుంది. మొదటి తాళమునకే అందుకున్నది. వెనుక గొట్టము దగ్గర మమ్ములను నిలబెట్టి పొగ చూడమన్నాడు. నీలిపొగ వస్తే ఇంజను నూనె త్రాగుతున్నట్లు. నల్లపొగ వస్తే పెట్రోలు వృథాగా మండుతున్నట్లు. తెల్లపొగ ఆగకుండ వస్తే నీళ్ళు లోపలికి దిగుతున్నట్లు. ఈ బండికి మొదట కొంచెము ఆవిరి వచ్చి ఆగిపోయింది. నూనె పోసే మూత తీసి లోపలి వైపు చూపించాడు. అక్కడ మజ్జిగ నురుగువంటిది ఉంటే బండిని ముట్టవద్దట. ఈ మూత నల్లగా, శుభ్రముగా ఉన్నది. టైర్లు మాత్రము పనికిరావన్నాడు. టైరు ప్రక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండు వారము, తరువాతి రెండు సంవత్సరము. గీతలు బాగానే ఉన్నా ఎనిమిదేండ్లు దాటిన రబ్బరు గట్టిపడి వానలో జారుతుందట. వానలో జారడమనే మాట వినగానే మేము ఇంకేమీ అడుగలేదు, నాలుగూ మార్పించాలని అక్కడే నిశ్చయించుకున్నాము.

ధర ఎంతమ్మా అని అడిగాము. "ఆయన ఆసుపత్రిలో ఉండగానే చెప్పారు, అరవై రెండు వేలకు మించి అడగవద్దని" అన్నది. అంతకు ముందు వారమే ఒక బ్రోకరు వచ్చి, నలభై వేలు చేతిలో పెడతాను, కాగితాల సంగతి నేను చూచుకుంటాను అన్నాడట. ఆమె ఇచ్చివేయబోయింది, భాయ్ ఆపాడు. మేము బేరము ఆడలేదు. ఎద్దుల సంతలోనైతే ఆడేవారమే.

ఇక్కడ చిక్కు వచ్చింది. బండి ఇంకా చనిపోయినాయన పేరుననే ఉన్నది. సొంతదారు పోయినప్పుడు ముందు వారసుల పేరుకు మారాలి, దానికి ఫారము 31. ఆ తరువాతనే అమ్మడము. మరణ ధ్రువపత్రము, కుటుంబ సభ్యుల పత్రము, దూరదేశములో ఉన్న పిల్లల అంగీకారము, ఇవన్నీ కావాలి. నెల పట్టుతుందన్నారు. సికింద్రాబాదు రవాణా కార్యాలయము తిరుమలగిరిలో ఉన్నది. దాని బయట తిరిగే ఒక ఏజెంటు మావాణ్ణి ప్రక్కకు పిలిచాడు. "నెల ఎందుకు తమ్మీ, పెద్దాయన సంతకము ఫైలులో ఉన్నది కదా, ఫారము 29 మీద అట్లనే గీకేస్తా, తేదీ ఆయన బతికున్నప్పటిది వేస్తా, మూడు వేలియ్యి, వారములో కార్డు ఇంటికొస్తది" అన్నాడు.

మావాడు ఆ మాట మాకు ఫోనులో చెప్పాడు. అడిగినట్లే ఉన్నది, అడగనట్లే ఉన్నది. వానలు రాబోతున్నవి, వానికి రాత్రి డ్యూటీలు వేశారు, మళ్ళీ బైకు ఎక్కాలి. మాకూ ఆ బైకు జ్ఞాపకము వచ్చింది. చనిపోయిన మనిషి సంతకము ఇంకొకడు పెట్టడమంటే దొంగ పత్రము పుట్టించడమే. అది తెలిసి కూడ ఒక్క నిమిషము మేము నోరు తెరవలేకపోయామంటే నమ్మండి. చివరకు, "ఆ డైరీ వ్రాసినాయన సంతకమా, బిడ్డా?" అని మాత్రము అడిగాము. వాడు కాసేపు ఊరుకొని, "సరే, నెల ఆగుదాం" అన్నాడు.

నెల అన్నది ఆరు వారములైనది. ఆ ఆరు వారములు మావాడు వాన రాత్రులలో ఆటోకు డబ్బు పెట్టాడు. పెద్దావిడకు స్లాటు బుక్ చేసిపెట్టడము, వెంట తీసికొనిపోవడము, వరుసలో నిలబడడము అన్నీ వాడే చూచుకున్నాడు. ఆమె పేరున కార్డు వచ్చింది, తరువాత వాని పేరున వచ్చింది. పదిహేనేండ్లు నిండిన బండికి 2022 ఏప్రిల్ నుండి రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుము 600 నుండి 5,000 చేశారు. పెద్దాయన దానిని ఆ సంవత్సరమే కట్టి ఐదేండ్లకు పొడిగించుకున్నాడు గనుక 2027 వరకు గడువున్నది. ఆ తరువాత మళ్ళీ పరీక్ష, మళ్ళీ రుసుము, పాత బండికి వేసే గ్రీన్ టాక్సు. చౌక బండి కొనేవారు ఆ గడువు తేదీ తప్పక చూడాలి. గడువు రేపో మాపో ముగిసే బండి చౌకగా ఉన్నదంటే కారణము అదే కావచ్చును.

కొన్న డబ్బుతో ఖర్చు ఆగలేదు. రాణీగంజ్‌లో టైమింగ్ బెల్టు, వాటర్ పంపు కొన్నాము. ఆ బెల్టు చూడటానికి బాగానే కనబడుతూ ఒక దినమున తెగిపోయి బండిని దారిలో నిలబెడుతుందట. పెట్రోలు గొట్టాలు కూడ మార్పించాము. పెట్రోలులో కలిపే ఇథనాలు 2025కు నూటికి ఇరవై పాళ్ళయినది. 2023 ఏప్రిల్ తరువాత తయారైన బండ్లను దానికి తగినట్లు చేశారు, పాతవాటిలో రబ్బరు గొట్టాలను కనిపెట్టి చూచుకోవడము మంచిదని భాయ్ సలహా. టైర్లు, బ్యాటరీ, బ్రేకు లైనింగు, ఇన్సూరెన్సు, ఫీజులు అన్నీ కలిపి ఇంకొక 24,000. మొత్తము 86,000 అయినది. మా లెక్క 90,000. అరవై రెండు వేల బండి అని అరవై రెండు వేలే పెట్టుకొని బయలుదేరి ఉంటే అరిగిన టైర్లతోనే వచ్చేవారము.

ఒక మాట దాచకూడదు. ఈ బండిలో ఎయిర్‌బ్యాగు లేదు. కొత్త కార్లలో డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేసినది 2019 జూలైలో. 2014లో విదేశీ సంస్థ ఒకటి ఆల్టో 800ను గుద్దించి పరీక్షిస్తే పెద్దవారి రక్షణకు ఒక్క నక్షత్రము కూడ రాలేదు, మాది అంతకంటె పాతది. బైకు కంటె మేలే గాని కొత్త కారుతో సమానము కాదు. అందుకని మావాని చేత ఒప్పించాము: అరవై దాటకూడదు, హైవే మీద రాత్రి ప్రయాణము కూడదు, వెనుక కూర్చున్నవారు కూడ బెల్టు పెట్టుకోవాలి. పదునెనిమిది నిండని వాని తమ్ముడు తాళము అడిగితే ఇయ్యకూడదు. చిన్నపిల్లలు నడిపితే తల్లిదండ్రులకు మూడేండ్ల జైలు, ఇరవై ఐదు వేల జరిమానా అని 2019 సవరణలో ఉన్నది. చిన్నవానికి ఈ చివరి నిబంధన మీద చాలా కోపముగా ఉన్నది.

ఇంటికి తెచ్చిన దినము వాన పడుతున్నది. ముందు పెద్దావిడ ఇంటికి వెళ్ళాము. ఆమె బయటికి వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్టు మీద చేయి వేసి, లోపలికి వెళ్ళిపోయింది. తరువాత ఆ డైరీ తెచ్చి మావాని చేతిలో పెట్టింది. మేము వద్దన్నాము. "ఇంకా సగము పేజీలు ఖాళీగా ఉన్నవి" అన్నది.

ఉప్పల్ దాటి, ఘట్‌కేసర్ దాటి, గూడూరు టోలు గేటు దగ్గర ఆగాము. పాత ఫాస్టాగు పెద్దాయన పేరుతో పోయింది, క్రొత్తది తీసికొన్నాము గాని అది అద్దము మీద అంటుకోక చేతిలో పట్టుకొని చూపించవలసి వచ్చింది. భువనగిరి కోట గుట్ట వానలో నల్లగా నునుపుగా కనబడింది. కంటి ఇంజక్షను కోసము ముందు రోజే వచ్చి ఉన్న నానమ్మ ముందు సీటులో కూర్చుని, దారి పొడుగునా ఎదురు వచ్చే ప్రతి లారీకి "మెల్లగా, మెల్లగా" అంటూనే ఉన్నది. మావాడు యాభై దాటలేదు. ఆలేరు దగ్గర బంకులో పెట్రోలు పోయించి, డైరీ తీసి, తేదీ, లీటర్లు, మీటరు అంకె వ్రాశాడు. వాని వ్రాత పెద్దాయన వ్రాతంత చక్కగా లేదు.

పెంబర్తి దగ్గర వాన ఎక్కువైనది. ఎడమవైపు వైపరు పనిచేయడము లేదని అప్పుడే తెలిసింది. భాయ్ కూడ చూడలేదు, మేమూ చూడలేదు. నానమ్మ కొంగుతో అద్దము లోపలి వైపు తుడుస్తూ, "బయట తుడవాలె కదరా" అన్నది. ఆ వైపరు ఇంకా మార్పించలేదు. వచ్చే వారము రాణీగంజ్‌లో తెస్తానన్నాడు.